విదేశీ సహోద్యోగి తొలిసారి హైదరాబాద్ వస్తున్నప్పుడు మనం చేయవలసినవి

మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసిన వారికి ఏదో ఒకనాడు ఈ బాధ్యత తగులుతుంది. స్టట్‌గార్ట్ నుంచో షికాగో నుంచో ఒక సహోద్యోగి వారం రోజుల పని మీద వస్తున్నారు, వారి బాగోగులు మీరు చూసుకోవాలి. నేను ఇలా గడిచిన పదిహేనేళ్లలో ఇరవై మందికి పైగా అతిథులను చూసుకున్నాను. మనం గర్వంగా చూపించే అద్దాల భవనాలు వారికి కొత్త కావు, మనం నొచ్చుకుంటూ క్షమాపణ చెప్పే గుంతల రోడ్లు వారిని మనం అనుకున్నంతగా బాధించవు. వారిని తికమక పెట్టేవి, తిరిగి వెళ్లాక ఇంట్లో చెప్పుకొనేవి, మనం చూసి చూసి గమనించడమే మానేసిన చిన్న సంగతులు. అందుచేత ఈ సూచనలలో ఎక్కువ భాగం వాటి గురించే ఉంటుంది.

బయలుదేరక ముందు

మొదటి పని కాగితాలది. సమావేశాల కోసం వచ్చేవారు పర్యాటక వీసా మీద కాకుండా వ్యాపార వీసా మీద రావాలి. ఇప్పుడు ఈ-బిజినెస్ వీసాకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు కాని, దానికి మీ సంస్థ ఇచ్చే ఆహ్వాన పత్రం అవసరమవుతుంది. ఆ పత్రం మీ ఆఫీసులో ఎవరి బల్ల మీదో సంతకం కోసం వారం రోజులు ఆగిపోయే అవకాశం ఉంది కాబట్టి, ప్రయాణం ఖాయమైన రోజునే దానిని కదిలించండి. చేయబోయే పని సమావేశాలకు మించినదైతే ఏ వీసా సరిపోతుందో మీ హెచ్‌ఆర్ విభాగం చేత ముందే తేల్పించుకోండి.

తరువాత అతిథికి ఒక పేజీ మించకుండా ఒక ఉత్తరం రాయండి. మన కరెంటు 230 వోల్టులని, ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లకు దానివల్ల ఇబ్బంది లేకపోయినా అమెరికా నుంచి తెచ్చుకున్న జుట్టు ఆరబెట్టే యంత్రం కాలిపోవచ్చని, చదును పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ కావాలని చెప్పండి. మన గడియారం గ్రీన్‌విచ్ సమయానికి ఐదున్నర గంటలు ముందుంటుందని కూడా చెప్పండి, ఎందుకంటే గంటల లెక్కకే అలవాటుపడినవారు ఆ అరగంటను మరచిపోయి మొదటి సమావేశానికే తప్పు వేళకు వస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వస్తున్నవారికి ఎండ 40 డిగ్రీలు దాటుతుందని రాయడంతో సరిపెట్టకుండా, ఆఫీసు లోపల మాత్రం ఏసీ చలికి స్వెట్టర్ కావాలని కూడా రాయాలి. ఈ రెండో సంగతి ఎవరూ ఊహించలేరు.

అర్ధరాత్రి రాక

యూరప్ నుంచి, గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రికి, తెల్లవారుజాముకు మధ్యనే శంషాబాద్‌లో దిగుతాయి. అలసి బయటికి వచ్చిన అతిథికి మొదట కనిపించేది జనసముద్రం. ఒక్క కొడుకు కోసం అమ్మానాన్నలు, అత్తమామలు, చంకన పసిపిల్లలు, పూలగుచ్ఛం పట్టుకున్న బాబాయి, అందరూ రాత్రి రెండు గంటలకు కటకటాల వెనుక నిలబడి ఉంటారు. ఇంత రాత్రివేళ ఇంతమంది ఎందుకు వచ్చారని నన్ను అడగని అతిథి దాదాపు లేరు. ఆ గుంపులో తన పేరున్న అట్ట ముక్కను వెతుక్కోవడం వారికి కష్టం కనుక డ్రైవర్ ఫోటో, కారు నంబరు, ఎన్నో గేటు వద్ద నిలబడతాడో ముందే పంపండి. విమానాశ్రయంలో వైఫైకి ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ విదేశీ నంబరుకు సకాలంలో వస్తుందన్న భరోసా లేదు. కాబట్టి మొదటి రోజుకైనా రోమింగ్ పెట్టుకొని రమ్మని చెప్పడం క్షేమం.

అక్కడి నుంచి గచ్చిబౌలికి ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా, నున్నగా, జర్మనీ రహదారిలాగే ఉంటుంది. అది చూసి హైదరాబాద్ ట్రాఫిక్ గురించి విన్నవన్నీ కట్టుకథలని వారు అనుకొంటారు. మర్నాడు ఉదయం ఆరు కిలోమీటర్ల దూరానికి గంట పట్టినప్పుడు ఆ నమ్మకం పోతుంది. ఏ రోజు ఎన్ని గంటలకు కారు వస్తుందో, దారిలో ఎంతసేపు పడుతుందో రాత్రే సందేశం పంపితే ఈ ఆశ్చర్యం కొంత తగ్గుతుంది.

హోటల్ గేటు వద్ద కారు ఆపి, అడుగున అద్దం పెట్టి చూసి, డిక్కీ తెరిపించి, బ్యాగులను స్కానర్‌లో వేసినప్పుడు ఊళ్లో ఏదో జరిగిందని కొందరు భయపడతారు. 2008 నవంబరులో ముంబై హోటళ్ల మీద దాడులు జరిగిన తరువాత ఇవి నిత్యకృత్యమయ్యాయని, మనకు ఇది తలుపు తీయడం వంటిదేనని ముందే చెప్పండి. అతిథిని హోటల్‌లో కాకుండా కంపెనీ గెస్ట్‌హౌస్‌లోనో మీ ఇంట్లోనో ఉంచితే మాత్రం ఒక చట్టపరమైన బాధ్యత మీ మీద పడుతుంది. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల లోపు ఆ సమాచారాన్ని విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. హోటళ్లు ఈ పని తామే చేసుకొంటాయి, గెస్ట్‌హౌస్ చూసుకొనే మనిషికి ఆ సంగతి తెలియకపోవచ్చు.

గెస్ట్‌హౌస్ అన్నాక స్నానాల గది గురించి కూడా చెప్పాలి. మాకు వచ్చిన ఒక అతిథి మూడు రోజులు చన్నీళ్ల స్నానం చేసి, ఈ దేశంలో అదే ఆనవాయితీ అనుకొని ఊరుకున్నారు. గీజర్ స్విచ్ గది బయట, తలుపు పక్కన ఎర్ర దీపంతో ఉంటుందని ఎవరూ చెప్పలేదు. బకెట్టు, మగ్గు ఎందుకున్నాయో, టాయిలెట్ పక్కన వేలాడే చేతి షవర్ దేనికో కూడా వారికి తెలియదు, అడగడానికి మొహమాటపడతారు. మొదటి రాత్రే గది తిప్పి చూపించే మనిషిని పెట్టండి. అలా వీలుకానప్పుడు స్విచ్‌ల మీద చిన్న కాగితాలు అంటించండి.

రోడ్డు మీద

కారులో వెళ్తున్నప్పుడు హారన్ల భాషను వివరించండి. వారి ఊళ్లలో హారన్ కొట్టడమంటే తిట్టడంతో సమానం, ఇక్కడ అది చాలాసార్లు ‘నేను మీ పక్కన ఉన్నాను, చూసుకోండి’ అనే మాట మాత్రమే. లారీల వెనుక ‘సౌండ్ హారన్’ అని రాసి మరీ అడుగుతారని చూపిస్తే ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. క్యాబ్ వెనుక సీటు బెల్టు చాలాసార్లు సీటు కవరు కింద దాగి ఉంటుంది. అతిథి దాని కోసం తడుముకుంటూ, డ్రైవర్ నొచ్చుకుంటాడేమోనని మానేస్తారు కాబట్టి ఆ కొక్కెం ముందే బయటికి తీయించండి.

రోడ్డు దాటడం నేర్పాలి, నేర్పకుండా దాటమనకూడదు. పరుగెత్తవద్దని, సగంలో ఆగి వెనక్కి అడుగు వేయవద్దని, ఒకే వేగంతో నడిస్తే బండ్లు తామే పక్కకు తప్పుకుంటాయని చెప్పి, మొదటి రెండుసార్లు బండ్లు వచ్చే వైపు మీరు నడవండి. మన బండ్లు ఎడమ పక్క నడుస్తాయి కాబట్టి యూరప్, అమెరికా వారు అలవాటు చొప్పున తప్పు దిక్కుకు చూస్తారు. ఒక సాయంత్రం రాయదుర్గం నుంచి అమీర్‌పేట వరకు మెట్రో ఎక్కించండి. 2017 నవంబరులో మొదలైన ఆ మెట్రోలో ఆరు గంటల వేళ ఊపిరి సలపని రద్దీ ఉన్నప్పటికీ, మహిళలకు విడిగా కేటాయించిన చోటు, ప్రవేశం దగ్గర విడివిడి తనిఖీ వరుసలు, వందలమంది తలలు వంచి ఫోన్లు చూసుకొంటూ ఉండటం, ఇవన్నీ పగలంతా కారు అద్దంలోంచి చూసిన ఊరి కంటే వేరుగా కనిపిస్తాయి.

కూడళ్ల దగ్గర కారు అద్దం తట్టే పిల్లల విషయంలో ఏం చేయాలని అతిథి అడుగుతారు. మాట మార్చకండి, దేశం తరఫున క్షమాపణలూ చెప్పకండి. మీరు ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వారి నిర్ణయం వారిది.

ఆఫీసులో

పని జరిగేది ఇక్కడే కనుక అపార్థాలు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. పేర్లతో మొదలుపెట్టండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఈమెయిల్‌లో వెనక్కి పోతుంది, పాస్‌పోర్టులో మరోలా ఉంటుంది. అతిథి ఎంతో మర్యాదగా మీ మేనేజరును ఇంటిపేరుతో పిలిస్తే ఆయన తలెత్తరు, ‘వెంకట’ అని పిలిస్తే ఒకేసారి ముగ్గురు తిరిగి చూస్తారు. వచ్చే ముందే బృందంలోని వారి పేర్లు, ఎవరిని ఏమని పిలవాలో, మీ గొంతుతో చదివిన చిన్న ఆడియోతో కలిపి పంపండి. పేరు చివర ‘గారు’ చేర్చడం నేర్పితే, ఆ ఒక్క మాటతో వారు మీ బృందంలో సంపాదించుకొనే అభిమానం ఏ ప్రెజెంటేషన్ వల్లా రాదు.

రెండోది తల ఊపడం. మనం వింటూ తలను అటూ ఇటూ ఆడిస్తే అది ‘సరే, అర్థమవుతోంది’ అని మనకు తెలుసు, అతిథికి అది ‘కాదు’ అన్నట్టు కనిపిస్తుంది. ఒక సమావేశంలో ఎనిమిది మంది అలా తలలాడిస్తుంటే, తన ప్రతిపాదన మొత్తం తిరస్కరణకు గురైందనుకొని ఒకావిడ మధ్యలోనే ఆపేశారు. అంతకంటే చిక్కైనది మన ‘అవును’. రేపు సాయంత్రానికి పూర్తవుతుందా అని అడిగితే మనవారు ‘అవుతుందండి, ప్రయత్నిస్తాను’ అంటారు. ఆ ‘ప్రయత్నిస్తాను’ లోపల ‘కాదు’ ఉందని తెలుగువారు పసిగడతారు, వచ్చినవారు దానిని మాట ఇచ్చినట్టుగా రాసుకొంటారు. అవునా కాదా అని కాకుండా ‘ఇంకా ఏమేం మిగిలాయి, ముందు ఏది అవుతుంది’ అని అడగమని అతిథికి చెప్పండి. దానితో పాటు, గడువు కుదరనప్పుడు ఆ మాటను మొదటి రోజే చెప్పమని మీ బృందానికీ చెప్పండి. నా ఉద్దేశంలో ఇది అతిథి నేర్చుకోవలసిన దానికంటే మనం మార్చుకోవలసిన అలవాటు.

అంకెల సంగతి పది సెకన్లలో తేలిపోతుంది కాని చెప్పకపోతే పెద్ద తప్పు జరుగుతుంది. లక్షలు, కోట్లు వారికి తెలియవు, 1,00,000 అని కామా చూసి అచ్చుతప్పు అనుకొంటారు. మీ స్లయిడ్లలో మిలియన్లు కూడా పక్కన రాయండి. 03/04 అని ఉన్న తేదీ మనకు ఏప్రిల్ మూడు, అమెరికా వారికి మార్చి నాలుగు, కాబట్టి నెల పేరు అక్షరాలలో రాయండి.

కప్పు ఎక్కడ కడగాలని అడిగే లోపే ఆఫీస్ బాయ్ టీ తెచ్చి పెట్టడం, తలుపు తీయడానికి ఒకరు, లిఫ్ట్ బటన్ నొక్కడానికి మరొకరు ఉండటం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. వారించకుండా, ఆ మనిషి పేరు చెప్పి పరిచయం చేయండి. పేరుతో పలకరించి థాంక్స్ చెప్పగలిగితే వారి ఇబ్బంది సగం తీరుతుంది. ఇక పెళ్లయిందా, పిల్లలెందరు, ఇల్లు సొంతమా అనే ప్రశ్నలు మధ్యాహ్న భోజనం దగ్గర తప్పవు. ఇవి ఆరాలు కావని, ఇక్కడ ఇవే పలకరింపులని, వారు కూడా తిరిగి అడగవచ్చని ముందే చెబితే సంభాషణ హాయిగా సాగుతుంది. జీతం ఎంతని మాత్రం అడగకుండా మీ కుర్రాళ్లను ఆపండి.

భోజనం

మనం తప్పు చేసేది ప్రేమతోనే. దిగిన రోజే బిర్యానీ పెట్టి, ‘కారం అస్సలు లేదు’ అని హామీ ఇస్తాం. మనకు లేని కారం వారికి ఉంటుంది. మొదటి రెండు రోజులు ఇడ్లీ, ఉప్మా, ముద్దపప్పు, నెయ్యి, పెరుగన్నం వంటివి పెట్టి, కడుపు కుదుటపడ్డాక మూడో రోజు బిర్యానీకి తీసుకెళ్లండి. నోరు మండినప్పుడు నీళ్లు తాగితే ప్రయోజనం లేదని, పెరుగే మందని చెప్పండి. ఆవకాయ రుచి చూస్తామంటే వద్దనకండి కాని, అన్నంలో కలిపి, నెయ్యి వేసి, గోళీ అంత ముద్ద మాత్రమే ఇవ్వండి.

కారం కంటే ముఖ్యమైనది అలెర్జీ. వేరుశనగ పడనివారు విదేశాలలో చాలామంది ఉంటారు, కొందరికి అది ప్రాణాపాయం. మన ఇడ్లీ చట్నీలో, బిర్యానీతో వచ్చే మిర్చీ కా సాలన్‌లో, పులిహోరలో పల్లీలు ఉంటాయి. సాలన్‌లో నువ్వులు, హోటల్ కూరల గ్రేవీలో జీడిపప్పు ఉంటాయి. వచ్చే ముందే ఏమేం పడవో అడిగి, వాటిని తెలుగులోను, హిందీలోను ఒక చీటీ మీద రాసి వారి జేబులో పెట్టండి, ప్రతి హోటల్‌లో వంటవారికి చూపించమనండి. పాలు, నెయ్యి కూడా ముట్టని శాకాహారులు వస్తే, మన ‘ప్యూర్ వెజ్’లో అవి రెండూ ఉంటాయని గుర్తుంచుకోండి. పొట్లాల మీది ఆకుపచ్చ చుక్క శాకాహారానికి, గోధుమ రంగు త్రికోణం మాంసాహారానికి గుర్తులని ఒకసారి చూపిస్తే, వారు దుకాణంలో తామే కొనుక్కోగలరు.

వేళలు కూడా వేరు. జర్మన్లు, అమెరికన్లు సాయంత్రం ఆరున్నరకు భోజనానికి సిద్ధమైపోతారు, మనం తొమ్మిదింటికి టేబుల్ బుక్ చేసి పెద్ద విందు అనుకొంటాం. ఆరింటికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు ఇప్పిస్తే ఆ ఖాళీ నిండుతుంది. చేత్తో తినడం నేర్చుకుంటామంటే కుడిచేత్తో నేర్పండి, స్పూను అడిగితే మారు మాట లేకుండా ఇవ్వండి. మారు వడ్డించడం మన మర్యాద, పళ్లెంలో పెట్టింది వదలకుండా తినడం వారి మర్యాద. రెండూ కలిస్తే అతిథి నరకం అనుభవిస్తారు. పళ్లెం మీద చేయి అడ్డం పెట్టి ‘చాలు’ అనడం వారికి నేర్పి, ఆ మాట అనగానే ఆపడం మీరు నేర్చుకోండి. నీళ్లు సీలు వేసిన బాటిల్‌వే ఇవ్వండి, పళ్లు తోముకోవడానికి కూడా అవే వాడమనండి. బండ్ల మీద కోసిపెట్టిన పండ్లు, ఐసు ముక్కలు వద్దని చెప్పండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు గదిలో ఉంచండి.

డబ్బు

టీ కొట్టు నుంచి పూలమ్మే అవ్వ వరకు అందరి దగ్గరా క్యూఆర్ కోడ్ ఉండటం అతిథులను మిక్కిలి ఆశ్చర్యపరుస్తుంది, ఆ వెంటనే తమ కార్డు అక్కడ పనికిరాదని తెలిసి నిస్సహాయులను చేస్తుంది. విదేశీ అతిథుల కోసం యూపీఐ వన్ వరల్డ్ అనే వాలెట్ 2023లో వచ్చింది, తరచూ వచ్చేవారికి అది ఉపయోగం. వారం రోజుల మనిషికి అంతకంటే సులువైన మార్గం ఉంది. పది, ఇరవై, యాభై, వంద నోట్లతో రెండు వేల రూపాయల చిల్లర ఒక కవరులో పెట్టి మొదటి రోజే ఇవ్వండి, చివర లెక్క చూసుకోవచ్చు. ఏటీఎం ఇచ్చే 500 నోటుతో ఇరవై రూపాయల టీ కొనడం ఎంత కష్టమో మనకు తెలుసు. వారికి ఖర్చుల రసీదులు కావాలి, ఆటోలో రసీదు రాదు కాబట్టి యాప్‌లో బుక్ చేసిన క్యాబ్‌లే వాడండి, హోటళ్లలో జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.

ఖాళీ దొరికిన పూట

చార్మినార్‌కు ఉదయం ఏడింటికి వెళ్లండి. 1591 నాటి ఆ కట్టడం పైకి ఎక్కడానికి టికెట్లు ఆ వేళకు ఇవ్వరు, గాజుల కొట్లు కూడా తెరవరు. అయినా పావురాలు, మొదటి చాయ్, ఊడుస్తున్న వీధి, నాలుగు కమానుల మధ్య పొద్దు, ఇవి పదకొండు గంటల రద్దీలో కనిపించవు. తరువాత గోల్కొండలో ఫతే దర్వాజా కింద మీరు చప్పట్లు కొట్టి, పైన బాలా హిస్సార్ దగ్గర వారిని వినమనండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. గుడికైనా మసీదుకైనా చెప్పులు విప్పాలి కాబట్టి ఎండాకాలంలో ఒక జత మేజోళ్లు వెంట ఉంచుకొమ్మనండి.

వీలైతే ఒక పూట ఇంటికి పిలవండి. బంధువులందరినీ కాదు, ఇంట్లోవారు చాలు. అతిథి స్త్రీ అయితే వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి, పండూ తాంబూలం, చీరో జాకెట్టు ముక్కో ఇవ్వడం మన ఇళ్లలో మామూలే కాని, ఎదుటివారి నుదుటి మీద చేయి వేసే ముందు అది ఏమిటో ఒక్క మాట చెప్పండి. వారు తెచ్చిన బహుమతిని మనం విప్పకుండా లోపల పెట్టేస్తాం, వారి దేశంలో అప్పుడే విప్పి మెచ్చుకొంటారు. ఇక్కడ వారి పద్ధతే పాటించడం మంచిది.

రాత్రిపూట ఒంటరిగా నడవాలనుకొనేవారికి వీధి కుక్కల గురించి చెప్పండి. కరిచినా గీరినా ఆ చోటును సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తిరిగి వెళ్లాక చూసుకొందామనడం కుదరదు. అంబులెన్స్‌కు 108, అత్యవసర సహాయానికి 112 అని వారి ఫోన్‌లో మీరే నమోదు చేయండి.

తిరుగు ప్రయాణం

తిరుగు విమానం కూడా చాలావరకు అర్ధరాత్రి దాటాకే ఉంటుంది. హోటల్ గది మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ చేయాలి, విమానం మూడింటికి. ఆ పదిహేను గంటలు అతిథి సూట్‌కేసుతో లాబీలో కూర్చోకుండా, ఇంకొక రాత్రికి గది ముందే తీసుకోండి. ఆవకాయ సీసా ఇస్తే గట్టిగా సీలు వేయించి, పెద్ద పెట్టెలో పెట్టమనండి, చేతి సంచిలో ఉంటే తనిఖీలో ఆపేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. మన విమానాశ్రయాల్లో భవనం తలుపు దగ్గరే టికెట్, పాస్‌పోర్టు చూపించాలన్నది చాలామందికి కొత్త కనుక టికెట్‌ను ముందే ఫోన్‌లో తెరిచి ఉంచుకొమ్మనండి.

ఆ తలుపు దాటి మీరు లోపలికి వెళ్లలేరు, వీడ్కోలు బయటే చెప్పుకోవాలి. అక్కడ కూడా ఒక్కరిని సాగనంపడానికి వచ్చిన పదేసి మంది కుటుంబాలు, కన్నీళ్లు, ఫోటోలు ఉంటాయి. కిందటి ఏడాది నేను దింపడానికి వెళ్లిన అతిథి ఆ గుంపులను కాసేపు చూసి, నా వైపు తిరిగి, ‘మరి నాకు మీరొక్కరే వచ్చారేమిటి, మిగతా తొమ్మిది మంది ఏరి?’ అని అడిగారు.